రాజు ముందు ఆడిన కేళిక

పామర్రు-చల్లపల్లి దారిలో మా కూచిపూడిలో బస్సు దిగే పై ఊరివాళ్లకు కావలసింది నాట్యం. సిద్ధేంద్రుడి పేరు, భామాకలాపం, కళాక్షేత్రం ముందు ఒక ఫొటో, అంతటితో సరి. ఊరి రాజకీయం గురించి అడిగేవాళ్లు తక్కువ. అదీ నాట్యంలోనే ఉంది మరి.

మాచుపల్లి కైఫియత్‌లో, అంటే ఆ ఊరి పాత వృత్తాంతంలో, ఒక సంగతి ఉంది. 1502 ప్రాంతంలో జరిగిందని చెబుతారు. విజయనగరం కింద సిద్ధవటం సీమను ఏలే సంబెట గురవరాజు డబ్బు రాబట్టడానికి ఆడవాళ్లను సైతం చిత్రహింసలు పెట్టేవాడు. అది తెలిసిన కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్లి రాజుగారి ముందు కేళికకు సెలవు అడిగారు. ఒకడు గురవరాజు వేషం కట్టాడు, ఇంకొందరు బంట్లయ్యారు, ఒకడు ఆడవేషం వేశాడు. జరుగుతున్నది జరుగుతున్నట్టే ఆడారు. ఇదేమిటని రాజు ఆరా తీశాడు. సైన్యం కదిలింది, గురవరాజు తల పోయింది. తెర పట్టి, కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమనే వెలుగులో ఆ వేషం ప్రవేశించి ఉంటుందని నా ఊహ. ఇలాంటి కైఫియత్తులను ఊరూరా సేకరింపజేసినవాడు ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ. తెల్లదొర కాగితాల కట్టల్లోంచే మా ఊరి ధిక్కారం బయటపడిందన్నమాట.

ధిక్కారమే కానీ, దానికో హద్దుంది. చెడ్డ అధికారి పైన మంచి రాజు ఉంటాడన్న నమ్మకంతోనే ఆ కేళిక ఆడారు. రాజే చెడ్డవాడైతే ఎవరి ముందు ఆడాలి? ఆ ప్రశ్న మా ప్రాంతంలో గట్టిగా వినపడడానికి మరో నాలుగు వందల ఏళ్లు పట్టింది.

ఈలోగా మా ఊరిని గోల్కొండ తానీషా భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని మావాళ్ల మాట. 1763 నాటి అగ్రహారం పంపకాల పత్రంలో వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల మొదలైన ఇంటిపేర్లున్నాయి. అప్పటికి ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట పట్టుకుని నాలుగేళ్లు. ఊరి వ్యవహారం ఊరివాళ్లే తేల్చుకున్నారు కాబట్టి మాకు ఆనాడే స్వపరిపాలన ఉందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అది వాటాదార్ల ఒడంబడిక. దుక్కి దున్నినవాడికీ, నాట్లు వేసినామెకూ అందులో చోటు లేదు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి, డెల్టాకు నీళ్లతో పాటు నీటితీరువా కూడా వచ్చింది. వరి డబ్బుతో పిల్లలు బందరు నోబుల్ కాలేజీకి వెళ్లారు. చదువుకున్నవాళ్లు మొదట నేర్చిన రాజకీయం అర్జీలు రాయడం. రాజు స్థానంలో గవర్నరు, కేళిక స్థానంలో విన్నపం, అంతే తేడా. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. 1907లో బిపిన్ చంద్రపాల్ బెజవాడ, బందరు వచ్చి మాట్లాడాక స్వరం మారింది. దొరల దయ వల్ల వచ్చే మంచి పాలన మనకెందుకు, మన పాలన మనకే కావాలన్నది ఆయన వాదం. మూడేళ్లకే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుంది. మాకు పక్క ఊరైన భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది అక్కడే. జెండా అందరికీ తెలుసు. తీర్మానాలు చూడండి: కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. ఇందులో సర్కారును అడిగిందేదీ లేదు, అంతా జనం నెత్తిన జనమే వేసుకున్న బరువు. ఆ రోజుల్లోనే చీరాల-పేరాలకు సర్కారు తన రకం స్వపరిపాలన ఇచ్చింది, మునిసిపాలిటీ పేరుతో. పన్నులు కట్టలేక, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊళ్లు ఖాళీ చేసి పోయారు.

1930లో బందరు కోనేరు దగ్గర తోట నరసయ్యనాయుడు జెండా వదలక స్పృహ తప్పేదాకా పోలీసుల లాఠీదెబ్బలు తిన్నాడు. ఆ దెబ్బలు చూసి ఆరా తీసే రాజు లేడు. చూసింది బజారులో జనమే.

1952లో ఆస్తితో, చదువుతో పని లేకుండా పెద్దలందరికీ తొలిసారి ఓటు వచ్చింది. పాలేరు, కూలి మనిషి, అగ్రహారీకుడు ఒకే వరసలో నిలబడ్డారు. కృష్ణా డెల్టా ఓటర్లు స్వరాజ్యం తెచ్చిన కాంగ్రెస్‌ను చాలాచోట్ల ఓడించి, కమ్యూనిస్టులను గెలిపించి మద్రాసు శాసనసభకు పంపించారు.