వేవ్ సోల్డరింగ్‌లో సోల్డర్ బ్రిడ్జి

సర్క్యూట్ బోర్డు అడుగున పక్కపక్క పిన్నుల మధ్య కరిగిన సోల్డర్ తెగకుండా గట్టిపడితే ఏర్పడే అతుకు. ఫలితం షార్ట్. పాత తరం బోర్డుల్లో మామూలు ఐసీ పిన్నుల ఎడం 2.54 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన సర్ఫేస్ మౌంట్ ఐసీల్లో అది 1.27కు, ఇంకా తక్కువకు దిగింది. దాంతో బ్రిడ్జిల బెడద పెరిగింది.

వేవ్ సోల్డరింగ్‌లో బోర్డు కరిగిన సోల్డర్ అల మీదుగా సాగుతుంది. అది అలను తాకే చోటు కంటే విడిచే చోటునే జాగ్రత్తగా గమనించాలి. అక్కడ పిన్నుల వెంట సాగిన సోల్డర్ తీగలా సన్నబడి, తెగి, తిరిగి తొట్టిలో పడాలి. కన్వేయర్‌ను 5 నుంచి 7 డిగ్రీల వాలులో ఉంచేది అందుకే. ఆక్సైడ్‌ను తొలగించే ఫ్లక్స్ చాలకపోయినా, అలను చేరేలోపే మాడిపోయినా ఆక్సైడ్ పొర సోల్డర్‌ను తెగనివ్వదు. పిన్నుల కొసలు మరీ పొడుగ్గా ఉన్నా చిక్కే.

అసలైన నివారణ మాత్రం డిజైన్ దగ్గరే మొదలవుతుంది. అలమీదుగా వెళ్లే సర్ఫేస్ మౌంట్ ఐసీని దాని పొడవు బోర్డు కదిలే దిశలో ఉండేలా అమర్చాలి. వరుసలో చివరగా అలను వదిలే పిన్నుల వెనుక ఒక ఖాళీ ప్యాడ్ ఉంచితే మిగులు సోల్డర్‌ను అది లాగేసుకుంటుంది. దీన్నే సోల్డర్ థీఫ్ అంటారు. చేతి పనితో తర్వాత బ్రిడ్జిలు తీయడం కంటే ఈ చిన్న రాగి ముక్క ఎంతో మేలు.