గంజాయి - మతిభ్రంశము

గంజాయి త్రాగినవానికి పిచ్చి పట్టునని మన పెద్దలనుట కలదు. దీని నిగ్గు తేల్చుటకు 1893లో ప్రభుత్వము విచారణసంఘము నొకదానిని నియమించెను. వారు మన విశాఖపట్టణముతో సహా దేశమందలి పిచ్చాసుపత్రుల దస్తరములు శోధించిరి. 1892లో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి, భంగులే కారణమని వ్రాసియుండెను. విచారింపగా నిలిచినవి 98! రోగిని తెచ్చిన పోలీసువాడు చెప్పినదే పెక్కింట కారణమైనది. గడి ఖాళీగా నుండరాదు గదా!

అట్లని గంజాయి నిర్దోషి కాదు. స్వీడను వైద్యులు సైన్యమునకు పిలువబడిన 45,000కు పైబడిన యువకుల సంగతి పదునైదేండ్లు కనిపెట్టి, 1987లో ప్రకటించిరి. ఏబదిమార్లకు మించి త్రాగినవారిలో స్కిజోఫ్రీనియా యను మతిభ్రంశము ఆరురెట్లు. వారిలోను అధికులకు రాలేదు. లేత వయసున మరగినవారికి, వంశమున ఆ వ్యాధి కలవారికి అపాయ మెక్కువ. మన యిండ్లలో పినతండ్రికి మతి తప్పిన సంగతి, సంబంధములు చెడునని దాతురు; తెలియవలసిన పిల్లవానికే అది తెలియదు.