మధుమేహ చికిత్సా చరిత్రలో రక్తకొవ్వుల స్థానం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత నేపథ్యం

మధుమేహాన్ని జనవ్యవహారంలో ‘చక్కెర జబ్బు’ అంటారు. ఈ పేరు వ్యాధిలోని ఒక పార్శ్వాన్ని మాత్రమే సూచిస్తుంది. ఇన్సులిన్ లోపించినా, దాని ప్రభావం మందగించినా కొవ్వు కణాల నుండి కొవ్వు ఆమ్లాలు అధికంగా రక్తంలో చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి తిరిగి రక్తంలోకి పంపుతుంది. మేలుచేసే హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. రక్తనాళాలకు ముప్పు ఇక్కడే మొదలవుతుంది.

1922లో టొరంటోలో ఇన్సులిన్ చికిత్స ప్రారంభమైన తరువాత మధుమేహ రోగుల ఆయుష్షు పెరిగింది; కాని గుండెజబ్బు వారి ప్రధాన శత్రువుగా మిగిలింది. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం యు.కె.పి.డి.ఎస్., సల్ఫోనైల్‌యూరియాలతోను ఇన్సులిన్‌తోను చక్కెరను అదుపు చేస్తే కళ్ళకు, మూత్రపిండాలకు రక్షణ కలుగుతుందని నిరూపించింది. గుండెపోటు విషయంలో అంత స్పష్టమైన ఫలితం రాలేదు. చక్కెర అదుపులోకి వచ్చినప్పుడు ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి గాని, ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్ పెద్దగా తగ్గదు. 2004 నాటి కార్డ్స్ అధ్యయనం ఈ లోటును పూరించింది. 2,838 మంది మధుమేహ రోగులపై జరిగిన ఆ పరిశోధనలో, రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల ప్రధాన ఘటనలు 37 శాతం తగ్గాయి.

ఈ చరిత్రను పశ్చిమ కర్నూలుకు అన్వయించాలంటే అక్కడి ఆహార చరిత్రను కూడా పరిశీలించాలి. 1953 అక్టోబర్ 1 వరకు బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకాలోనిదే ఎమ్మిగనూరు. నల్లరేగడి మెట్టభూములలో జొన్నరొట్టె, కొర్రన్నం నిత్యాహారం. తుంగభద్ర దిగువ కాలువ వరిసాగుకు దారితీసింది. 1983లో కిలో రెండు రూపాయల పథకం పేదల కంచంలో బియ్యాన్ని స్థిరపరచింది. అది ఆకలి తీర్చిన మేలే. అయితే పీచు తక్కువగా ఉన్న మెరుగుబియ్యం అధికమైతే మధుమేహ రోగిలో చక్కెరతోపాటు ట్రైగ్లిజరైడ్లు కూడా పెరుగుతాయి. ఉదయపు ఉగ్గానికి తోడయ్యే బజ్జి నూనె భారాన్ని కూడా కలుపుతుంది. ఇక్కడి మధుమేహానికి ఆహార మార్పు ఒక్కటే కారణమనడం సమంజసం కాదు. శ్రమ తగ్గడం, వయస్సు, వంశపారంపర్యం కూడా పరిగణించవలసినవే.

కనుక ‘చక్కెర తగ్గింది’ అన్న మాట చికిత్సకు ముగింపు కాదు. ఎమ్మిగనూరు నేతకార్మికుడికైనా, ఆదోని పత్తి మార్కెట్ హమాలీకైనా చక్కెర పరీక్షతోపాటు రక్తకొవ్వుల పరీక్ష కూడా అందినప్పుడే ఈ శతాబ్దపు వైద్యానుభవం వారికి నిజంగా ఉపకరిస్తుంది.