బెండు నుంచి మూతిపలక దాకా: కృష్ణ లోతుల్లో గాలం కథ

ముక్త్యాల దగ్గర కృష్ణలో లోతు మెల్లగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒడ్డున బండల మీద మోకాటి లోతు, బండ అంచు దిగితే మొలలోతు, ఇంకాస్త ముందుకు పోతే కాలికి నేల అందదు. ఆపైన మడుగు. పల్నాటి నుంచి జగ్గయ్యపేట దాకా నేల కింద పలకలు పలకలుగా పరుచుకున్న సున్నపురాయి ఉంది. ఈ చుట్టుపక్కల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. నది ఆ పలకలనే కోసుకుంటూ పోయింది. చిన్న చేపలు బండ మీద నాచు గీరుకు తింటుంటే, వాటిని తినే చేప మెట్టు అంచు కింద కాచుకుని ఉంటుంది. ఇక్కడ గాలం వేసేవాడు ముందు లోతు తేల్చుకోవాలి. ఎర సంగతి ఆ తరవాత.

గాలం చరిత్రను మొదటి నుంచీ తిరగేస్తే, మనిషి పడిన తంటా అంతా ఎరను కోరుకున్న లోతులో నిలపడానికే అనిపిస్తుంది. ఈ రేవులో మాత్రం దానికి ఎదురుగా మరో చరిత్ర కూడా నడిచింది. ఎర లోతును మార్చడం నేర్చుకుంటున్న కాలంలోనే మనిషి నది లోతును కూడా మార్చేశాడు. ఈ రెండూ కలిసిన చోటే ఈనాటి మన గాలం పడుతోంది.

మన వైపు గాలం వేటకు దొరికే గొప్ప పాత ఆధారం 'మానసోల్లాసం'. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దం తొలి భాగంలో రాసిన ఆ సంస్కృత విజ్ఞాన సర్వస్వంలో 'మత్స్య వినోదం' అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, ఏది ఏ మేత తింటుంది, గాలపు కర్ర ఎలా ఉండాలి, దారం ఎలా పేనాలి అన్నవి అందులో చెప్పాడు. చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ భాగం మీద వ్యాసం రాసి లోకం దృష్టికి తెచ్చాడు. కృష్ణా, తుంగభద్రల నీళ్లు తాగిన రాజ్యం కాబట్టి సోమేశ్వరుడు చెప్పిన చేపల్లో కొన్ని మన మడుగుల్లో ఈదినవే అయి ఉంటాయనుకోవడం నాకు ఇష్టం.

రాజులకు అది వినోదం. రేవులో బతికేవాళ్లకు కూడు. వాళ్ల దగ్గర లోతును కొలిచే సాధనం ఒక్కటే: బెండు. జీలుగు బెండు ముక్కో, నెమలి ఈక కాడో దారానికి కట్టి, దాన్ని కొక్కెం వైపు జరిపితే ఎర పైపైన తేలుతుంది, కర్ర వైపు జరిపితే లోతుకు పోతుంది. ముందు సీసం గుండు కట్టి దించి నేల ఎంత దూరంలో ఉందో చూసుకుంటారు. తరవాత దానికి జానెడు తక్కువగా బెండు నిలుపుతారు. బెండు నీళ్ల మీద అడ్డంగా పడుకుందంటే ఎర నేలకు ఆనిందని గుర్తు. నిలువుగా లేచి నిలబడిందంటే ఎర నీళ్లలో వేలాడుతోందని. ఇంత చిన్న పరికరంలో ఎంత తెలివి ఉందో దాన్ని వాడినవాళ్లకే తెలుస్తుంది. అయితే బెండుకు ఒక హద్దుంది. అది ఎరను ఒకే లోతులో వేలాడదీస్తుంది. మెట్టు వెంట దిగుతూ, ఎక్కుతూ, బండ అంచును తడుముకుంటూ పోయే ఎర కావాలంటే చెక్కతోనో రేకుతోనో చేప బొమ్మ తయారు కావాలి. ఆ పని వేరే దేశాల్లో జరిగింది.

అమెరికాలో జూలియో బ్యూయెల్ అనేవాడు భోజనం చేస్తూ పడవలోంచి చెంచా జారవిడిచాడట. తళతళలాడుతూ మునిగిపోతున్న ఆ చెంచాను చేప వచ్చి పట్టిందని కథ. కథ ఎలా ఉన్నా 1852లో అతను స్పూన్ ఎరకు పేటెంటు తీసుకున్న మాట నిజం. అదే సంవత్సరం బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఆలోచన, చార్లెస్ ఆర్ పనితనం కలిసి డెల్టాకు అన్నం పెట్టాయి. సముద్రం నుంచి ఎదురీది వచ్చే పొలస చేపకు మాత్రం కృష్ణ దారి మూసుకుపోయింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి చేపల పండితుడైన ఫ్రాన్సిస్ డే, ఆనకట్టలు వలస చేపలను అడ్డుకుంటున్నాయనీ, అవి ఎక్కిపోవడానికి దారులు పెట్టాలనీ ఆ రోజుల్లోనే పోరాడాడు. ఆయన నివేదిక వచ్చిన 1873లోనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 'ద రాడ్ ఇన్ ఇండియా' అచ్చయింది. కొండ నదుల్లో తిరిగే మహ్సీర్ చేప దవడల బలానికి ఇంగ్లండు కొక్కేలు నలిగిపోతాయనీ, ఈ దేశపు నీళ్లకు తగ్గట్టు స్పూన్లూ కొక్కేలూ గట్టిగా ఉండాలనీ తెల్లదొరలు తెలుసుకున్నది అలాంటి పుస్తకాల వల్లే. థామస్ 1887లో చెరువుల్లో గాలం వేట మీద 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరో పుస్తకం రాశాడు. ఆ వేట కొండల్లోని మహ్సీర్‌తో ఆగక ఊరి చెరువు చేపల దాకా దిగివచ్చిందనడానికి అదే సాక్ష్యం.

స్పూన్ మంచి ఎరే, కానీ లాగడం ఆపితే మునిగిపోతుంది, జోరుగా లాగితే పైకి వచ్చేస్తుంది. దాని లోతు పూర్తిగా లాగేవాడి చేతిలో ఉంటుంది. మిషిగన్ రాష్ట్రంలో జేమ్స్ హెడ్డన్ 1890లలో చెక్కతో కప్పను చెక్కాడు. ఆయన కంపెనీ ఆ తరవాత చెక్క చేపలను లోకానికి అలవాటు చేసింది. 1916లో మొదలైన ఇండియానా కంపెనీ క్రీక్ చబ్, చెక్క చేప మూతికి రేకు పలక బిగించింది. నా లెక్కలో ఈ వెయ్యేళ్ల కథలో అన్నిటికంటే పెద్ద మలుపు ఆ రేకు పలకే. తేలే చెక్కను లాగితే నీరు పలక మీద ఒత్తుతుంది, ఆ ఒత్తిడి మూతిని కిందికి దించుతుంది. ఆపితే చెక్క తనంత తానే పైకి తేలుతుంది. లోతు ఇక చేతిలో కాక ఎర ముఖం మీదే రాసి ఉంది.

1936లో ఫిన్లండ్ జాలరి లౌరీ రాపాలా, గుంపులోంచి తడబడుతూ విడివడే చిన్నచేపనే పెద్ద చేప ముందు పట్టడం గమనించి, కార్కుతో ఒక మిన్నో, అంటే చిన్నచేప బొమ్మ, చెక్కాడు. చాక్లెట్ చుట్టే వెండి కాగితంతో దానికి ఒళ్లు చేశాడు, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. 1962లో లైఫ్ పత్రిక, మార్లిన్ మన్రో మరణించిన తరవాతి సంచికలో, ఆ ఎర గురించి రాయడంతో అమెరికా అంతా ఎగబడింది. రాపాలా కంపెనీ 1960లలోనే 'కౌంట్‌డౌన్' అనే మునిగే మిన్నో తెచ్చింది. అది సెకనుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగుతుంది. నీళ్లలో పడ్డాక అంకెలు లెక్కపెట్టుకుంటూ పోతే ఎన్నో అంకెకు చేప పట్టిందో తెలిసిపోతుంది, మళ్లీ అదే అంకెకు లాగడం మొదలుపెట్టవచ్చు. మన నేల చూసే సీసం గుండూ, బెండూ రెండూ కలిసి ఒక బొమ్మలో ఇమిడాయి. ఆ దశాబ్దం చివర టెనెసీలో ఫ్రెడ్ యంగ్ లావుపాటి 'బిగ్ ఓ' అనే మూతిపలక ఎరను (క్రాంక్‌బైట్) చేత్తో చెక్కాడు. మూతిపలక లేకుండా, కడుపులో గోళీలతో గలగలలాడే లిప్‌లెస్ ఎరలు కూడా ఆ కాలం పంటే. లాగడం ఆపినా తేలక, మునగక నీళ్ల నడుమే నిలిచే జెర్క్‌బైట్లను జపాన్ కంపెనీలు ఎంతో పదును పెట్టాయి.

ఇక నది వైపు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్ట రావాలని ఊరూరా కదిలించి, ప్రాజెక్టును పరిశీలించడానికి వచ్చిన ఖోస్లా కమిటీ ఆ చోటు చూసేలా చేసినవాళ్లలో ముందున్నవారు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈలోగా దిగువన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నాగార్జునసాగర్ తరవాత ముక్త్యాల కృష్ణకు పాత రుతువులు పోయాయి. వరద ఎప్పుడు, ఎంత అన్నది గేట్లు చెప్పడం మొదలైంది. బండలు తేలి బయటపడే నెలలు పెరిగాయి.

తరవాత పులిచింతల ఆనకట్ట. 1988లో ఎన్టీ రామారావు శంకుస్థాపన చేశారు, 2004లో పని సాగింది, 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. 45.77 టీఎంసీల జలాశయానికి కె.ఎల్.రావు పేరు పెట్టారు. ఒకప్పటి వజ్రాల గనుల ఊరు కొల్లూరు ఆ నీళ్ల కిందికి పోయింది. ముక్త్యాలకు ఎగువన అది నిండు మడుగు. ఆనకట్ట దిగువన మాత్రం 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నడిచినప్పుడు ఒక లోతు, ఆగినప్పుడు మరో లోతు. 2021 ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోయినప్పుడు, దాన్ని సరిచేయడానికి జలాశయాన్నే దించాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోయిన వరద అడుగున ఇసుకనూ రాళ్లనూ మళ్లీ పేర్చి పోయింది. పాత లోతులు నమ్ముకున్నవాళ్లు నేల మళ్లీ తడిమి చూసుకోక తప్పలేదు.

ఇలాంటి నీళ్లలో ఏ ఎర వెయ్యాలి? మోకాటి లోతు బండల మీద, ఒడ్డు గడ్డి అంచున తిరిగేది కొర్రమీను. గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప, పైన కదిలేదాన్ని చూస్తే ఊరుకోదు. అక్కడ నీటి మీద టప్‌టప్ మని నీళ్లు చిమ్మే పాపర్ చాలు. గడ్డి దట్టమైతే గట్టి ఎరను పక్కనపెట్టి రబ్బరు కప్పను వెయ్యాలి, లేకపోతే ఎరకు వేలాడే మూడు కొనల కొక్కేలు గడ్డికే తగులుకుంటాయి. మొలలోతు, రొమ్ములోతు దగ్గర పొట్టి పలక ఉన్న మిన్నో. పలక చిన్నగా ఉండి మూతి నుంచి నిటారుగా దిగితే రెండు మూడు అడుగులకు మించి పోదు. పలక పొడవై, ఒంటికి సాగినట్టు ముందుకు చాచుకుని ఉంటే పది, పదిహేను అడుగులు దిగుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద అంకె చూడకపోయినా పలకను వేలితో తడిమితే ఎర స్వభావం అర్థమవుతుంది.

పెట్టె మీద అంకె కూడా పూర్తి నిజం కాదు. అది దూరంగా విసిరి, సన్న దారంతో లాగితే వచ్చే లోతు. లావు నైలాన్ తీగను నీరు ఎక్కువగా అడ్డుకుంటుంది కనుక అదే ఎర రెండు మూడు అడుగులు పైనే ఉండిపోతుంది. అల్లిన సన్న దారం కడితే దిగుతుంది. కర్ర కొస నీళ్లకు ఆనించి లాగితే ఇంకాస్త దిగుతుంది. విసిరిన దూరంలో మొదటి భాగం దిగడానికే పోతుంది, చివరి భాగం పైకి రావడానికే పోతుంది. చేప నడుమ ఎక్కడో ఉండాలి. అందుకే మెట్టు అంచును చేరేసరికి ఎర తన లోతుకు చేరుకునేలా, అంచుకు అవతల బాగా దూరంగా విసరాలి.

ఈ బండల నీళ్లలో నేను గట్టిగా చెప్పేది ఒకటి. నేల లోతు ఆరడుగులైతే ఎనిమిది అడుగులు పోయే ఎర కట్టండి. పలక బండకు టక్కున తగులుతుంది, కర్రలో ఆ దెబ్బ చేతికి తెలుస్తుంది, ఎర పక్కకు తూలుతుంది. దెబ్బ తిన్న చేపలా తూలిన ఆ క్షణంలోనే మెట్టు కింద కాచుకున్నది వచ్చి పడుతుంది. పలక చీలికలో ఇరుక్కుంటే కంగారుపడి లాగవద్దు. దారం వదులు చెయ్యండి. తేలే ఎర కాబట్టి తనంత తానే వెనక్కి జరిగి పైకి లేస్తుంది. మునిగే ఎరలకు ఆ వెసులుబాటు లేదు, బండల మీద వాటిని వాడి పోగొట్టుకోవడం తప్ప లాభం లేదు. నడి మడుగులో, రెండు నిలువుల లోతున, చీకటి పడ్డాక తిరిగే వాలుగకు మాత్రం మునిగే మిన్నోనో లిప్‌లెస్‌నో వేసి లెక్కపెడుతూ దించవచ్చు. కొత్త వరద నీటిలో రంగు మాయమవుతుంది, గోళీల చప్పుడు ఒక్కటే చేపకు దారి చూపిస్తుంది. తేటబడ్డ చలికాలపు నీళ్లలో గోళీలు లేని వెండి మిన్నో చాలు. 1952లో మన దేశానికి వచ్చి ఈ నీళ్లనిండా పరుచుకున్న జిలేబీ చేప పిల్లల ఆకారం, రంగు ఉన్న ఎర ఏ కాలంలోనైనా మోసం చెయ్యదు.

బండల చీలికల్లో తెగి ఉండిపోయే మూడు కొనల కొక్కేలు మరుసటి రోజు వలలు వేసేవాళ్ల వలలను చింపుతాయి, పుట్టిలోంచి వల లాగేవాడి చేతిని చీలుస్తాయి. ముళ్లు నొక్కేసిన ఒంటి కొక్కేలు వాడితే ఒక్కో చేప జారిపోవచ్చు. మనం వదిలిపెట్టిపోయే చోట ఇంకొకళ్ల బతుకు ఉంది కాబట్టి ఆ నష్టం మనం భరించాల్సిందే.

విసిరే ముందు బండ మీద తడి గీత చూడాలి. నీటికి పైన తడి ఉందంటే మట్టం దిగుతోంది, చేపలు లోతుకు జరుగుతుంటాయి, పొడుగు పలక వైపు పోవాలి. పొడిగా ఉన్న రాయి మునుగుతోందంటే పైన నీళ్లు వదిలారని అర్థం. అప్పుడు ఎర సంగతి పక్కనపెట్టి ముందు ఒడ్డెక్కాలి. నీరు నిలకడైన తరవాత, ఆరడుగులున్న చోటు ఎనిమిదైందో పదైందో సీసం గుండు దించి చూసుకుని, దానికి రెండడుగులు మించిన పలక కట్టవచ్చు.