ధాన్యము మోసినవారి చరిత్ర



దుక్కి దున్నినవానిని గూర్చి మన పెద్దలు చెప్పినంతగా మూట మోసినవానిని గూర్చి చెప్పలేదు. అన్నము పెట్టువాడు రైతే యనుట సత్యము. కాని పండిన గింజ కళ్లమును విడిచి కంచమును చేరులోపల దాని నెత్తువారు, మోయువారు, కొలుచువారు, దాచువారు, దంచువారు, అమ్మువారు ఎందఱో కలరు. వీరి పని చక్కగా సాగిన నాడు ఒక సీమ పంట వేఱొక సీమ యాకలి తీర్చినది. అది చెడిన నాడు పంట యొకచోటను, ప్రాణము పోవుట యింకొకచోటను జరిగినది. ఈ సంగతిని మన దేశచరిత్ర నుండి కొన్ని నిదర్శనములతో మనవి చేసెదను.

రైలును, కంకరబాటయు లేనినాడు దూరదేశములకు బరువు మోసినది పెరిక యెద్దు. ఎద్దు వీపుమీద ఇరువైపుల వ్రేలాడు గోనెసంచికే పెరిక యని పేరు. లంబాడీలు, బంజారాలు అని మనము పిలుచువారు వందలు, వేలుగా ఎద్దులను కూర్చుకొని, సముద్రతీరమున ఉప్పు నెత్తించి మెట్టసీమలకు గొనిపోయి, అచటి ధాన్యమును ప్రత్తిని మరల తీరమునకు తెచ్చెడివారు. రాజుల సేనలకు గింజలు చేర్చినవారును వీరే. 1791-92లో టిప్పు సుల్తానుపై నడచిన కారన్‌వాలిసు సేనకు సైతము వీరి యెద్దులే దిక్కైనవి. త్రోవపొడవున పచ్చిక మేయుచు పోవుటచే వీరి యెద్దులకు మేతఖర్చు స్వల్పము. అందుచేతనే వీరి కిరాయి చవుక.

అయితే ఆ చవుకలోనే ఒక లోపము దాగియున్నది. వానలు లేనిచో పచ్చిక లేదు, చెరువులో నీరు లేదు, ఎద్దు నడువలేదు. ఏ యేట గింజ యెక్కువ దూరము పోవలెనో ఆ యేటనే దానిని మోయు సాధనము కూలిపోయెడిది.

1832-33లో వచ్చిన నందన కరవు ఇందుకు సాక్షి. గుంటూరు సీమ జనము సుమారు 5 లక్షలు. చనిపోయినవారి లెక్కలలో భేదమున్నను లక్షకు తక్కువ చెప్పినవారు లేరు. ధాన్యము మనుష్యుని యొద్దకు రాలేదు. మనుష్యుడే ధాన్యమును వెదకుచు చెన్నపట్టణపు బాటపట్టి, త్రోవలో కూలెను.

తరువాత గోదావరిపై ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో ముగిసెను. కృష్ణపై బెజవాడవద్ద 1852లో మొదలైనది 1855లో ముగిసెను. కాటను దొర కాలువలు త్రవ్వించెనని మన మందఱము చెప్పుకొందుము. ఆ కాలువలు పొలము తడుపుటకు మాత్రమే కాక పడవలు నడచుటకును త్రవ్వబడినవని చెప్పుకొనువారు తక్కువ. నీటిమట్టము మాఱుచోట్ల లాకులు కట్టించిరి. గాలి వాలుగా నున్నపుడు తెరచాప యెత్తి, లేనపుడు గట్టుమీద నడచుచు త్రాటితో లాగి, పెక్కు బండ్ల బరువును ఒక్క పడవపై నడపిరి. కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగుహాము కాలువతో కలియుటచే కృష్ణాడెల్టా పడవ చెన్నపట్టణము వఱకు పోగలిగినది. ఈ కాలువల గట్లమీదనే సరంగులు, లాకు కాపరులు, కొలగాండ్రు, హమాలీలు, దలారులు, గిడ్డంగి యజమానులు అను క్రొత్త వృత్తులవారు బ్రదికిరి.

ఇక 1876-78ల ధాత, ఈశ్వర సంవత్సరముల కరవు. అప్పటికి చెన్నపట్టణమునుండి కడప, గుత్తిమీదుగా రాయచూరువఱకు రైలుమార్గము 1871లోనే సిద్ధమైయుండెను. డెల్టాలలో పంట కలదు. ఓడలపై ధాన్యము వచ్చుచునే యుండెను. అయినను రాయలసీమలో జనము లక్షలుగా నశించిరి. ఏల? రైలు స్టేషనువఱకు మాత్రమే పోవును. అచటినుండి పల్లెకు మూట చేర్చవలసిన యెద్దులు మేతలేక చచ్చినవి. చేరినచోటనైనను ధర మిన్నంటినది. పనిలేని కూలివానిచేత కొనుటకు కాసు లేదు. 1877లో టెంపులు దొర సహాయపు పనులలోని కూలిని దినమునకొక పౌను గింజలకును, కొంచెము చిల్లరకును తగ్గించెను. అది దేహధారణకు చాలదని చెన్నరాజధాని ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను. రవాణా యున్నను కొనుగోలుశక్తి లేనిచో ధాన్యము ఆకలిగొన్నవాని యెదుటనే సాగిపోవునని ఆ కరవు నేర్పినది.

మోయు సాధనమును మనుష్యుడే చెఱచుటయు కలదు. 1942లో జపానువారి దాడికి వెఱచి ప్రభుత్వమువారు వంగదేశపు తీరజిల్లాలలో పెద్ద పడవలను స్వాధీనపఱచుకొనిరి, చెఱచిరి. ఆ యేటనే బర్మా బియ్యము ఆగినది. 1943 కరవునకు కారణములు పెక్కు. పడవలు పోవుట వానిలో నొకటి. విచారణసంఘము మృతులను 15 లక్షలనెను. తరువాతివారు 30 లక్షలవఱకు లెక్కించిరి.

స్వాతంత్ర్యానంతరము 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినవి. 1966లో మార్కెట్ల చట్టము వచ్చినది. 1999లో రైతుబజార్లు తెఱచిరి. 2020 సెప్టెంబరులో అనంతపురపు పండ్లు కిసాన్ రైలుపై ఢిల్లీకి పోయినవి. పెరిక యెద్దునకు నేటి లారీకిని పోలిక లేకపోవచ్చును; పని మాత్రము ఒక్కటే.

ఒక్క విషాదము చెప్పక తీఱదు. రైలుబండ్లు వచ్చి పెరికల వర్తకము క్షీణించినపుడు బంజారాలకు వేఱు బ్రదుకుతెరువు చూపినవారు లేరు. పైగా 1871లో పుట్టిన నేరజాతుల చట్టము క్రింద వారిని కొన్ని ప్రాంతములలో నేరస్థులుగా వ్రాసికొనిరి. ఊరూరికి ఉప్పు చేర్చిన జాతినే ఊరు శంకించినది. 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు.

గ్రామపెద్దలారా! మీ ధాన్యము ఊరు దాటునపుడు కాటా సరిగా నున్నదా యని చూచుట మీకు అలవాటే. ఆ కాటామీదికి బస్తా నెత్తిన హమాలికి కూలి సరిగా ముట్టినదా యనియు చూడుడు. గిడ్డంగి ఊరికి ఎంత దూరము, వానకాలమున బాట నడచునా, మీ యూరి కూలివానిచేత బియ్యము కొనుటకు కాసులున్నవా యని పంచాయతిలో విచారింపుడు. పంట ఏటేట మాఱును. ఈ మూడింటిని చక్కపెట్టుకొన్న యూరు చెడ్డయేటిని గడపగలదు.

స్వస్తి.