ఎనిమిదేళ్ళ ఎడబాటు

తొలిప్రేమ, ఎడబాటు, మళ్ళీ కలయిక. ఈ మూడు ముక్కలు చెబితే చాలు, వారపత్రికల్లో సీరియళ్ళు చదివి పెరిగిన మనం మిగతా కథ మనమే అల్లేసుకోగలం. మధ్యలో ఏ మేనత్తో అడ్డుపడుతుంది, చివర ఏ రైల్వే స్టేషన్లోనో కలుసుకుంటారు. కానీ ఈ కథను రెండు వందల ఏళ్ళ కిందటే ఇంగ్లాండులో ఒక పెళ్ళికాని స్త్రీ రాసింది. ఆమె పేరు జేన్ ఆస్టెన్. నవల పేరు 'పర్సుయేషన్'. మన మాటల్లో 'నచ్చజెప్పడం' అనుకోవచ్చు.

మా అమ్మాయి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చి బల్ల మీద పడేస్తే, మెట్రిక్యులేషన్ నాటి నా ఇంగ్లీషుతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, కుక్కరు కూతల మధ్య నెలన్నర చదివాను. చదివాక అర్థమైందేమిటంటే, ఇది వట్టి ప్రేమకథ కాదు. ఆ కాలపు ఆడదాని చరిత్ర కూడాను.

కథ క్లుప్తంగా చెప్తాను. ఆన్ ఇలియట్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది. తండ్రి సర్ వాల్టర్‌కి వంశగౌరవం, అద్దంలో తన ముఖం తప్ప మరేమీ పట్టవు. తల్లి చిన్నప్పుడే పోయింది. 1806 వేసవిలో నౌకాదళంలో పనిచేసే వెంట్‌వర్త్ అనే యువకుడు ఆ ఊరొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెళ్ళాడాలనుకున్నారు. తల్లి స్థానంలో ఉన్న లేడీ రస్సెల్ అనే పెద్దావిడ ఆన్‌ని కూర్చోబెట్టి నచ్చజెప్పింది. ఆస్తి లేదు, అండ లేదు, సముద్రం మీద యుద్ధం ఉద్యోగం, వద్దమ్మా అంది. ఆన్ మనసు రాయి చేసుకుని కాదంది. అతను కోపంతో వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు గడిచాయి. తండ్రి అప్పులపాలై ఇల్లు అద్దెకిస్తే, ఆ ఇంట్లోకి వచ్చింది వెంట్‌వర్త్ అక్కగారూ ఆవిడ భర్తా. అలా మళ్ళీ ఎదురుపడ్డారు. అప్పటికి ఆన్‌కి ఇరవై ఏడు, అతను ధనవంతుడు.

లేడీ రస్సెల్ని తిట్టుకోవడం సులువు. నేనూ మొదట తిట్టుకున్నాను. కానీ ఆ కాలం సంగతి కాస్త తెలుసుకుంటే నోరు మూతపడుతుంది. 1753లో చేసిన వివాహచట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళు లైసెన్సు తీసుకుని పెళ్ళాడాలంటే తండ్రి ఒప్పుకోవాలి. పెళ్ళయ్యాక భార్య సొమ్ము భర్తదే. ఆ న్యాయం 1870లోనూ, 1882లోనూ చట్టాలు వచ్చేదాకా మారలేదు. పైగా భర్త యుద్ధనౌక మీద పోతే, పిల్లల్ని పెట్టుకుని ఆమె ఏం తిని బతకాలి? ఆ రోజుల్లో నౌకాదళంలో అదృష్టం అంటే శత్రువుల ఓడ పట్టుకోవడమే. పట్టిన ఓడనీ సరుకునీ అమ్మి, ఆ సొమ్ము ఎనిమిది వాటాలు వేసేవారు. 1808 దాకా కెప్టెనుకి మూడు వాటాలు. పైన అడ్మిరల్ ఉంటే అందులో ఒకటి ఆయనకి పోయేది. వందల మంది నావికులందరికీ కలిపి రెండు వాటాలు! దీన్ని ప్రైజ్ మనీ అనేవారు. వెంట్‌వర్త్ ఇలాగే పాతిక వేల పౌన్లు కూడబెట్టాడు. ఓడ దొరక్కపోతే మాత్రం చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఫిరంగిగుండు తగిలితే మనిషే ఉండడు.

ఈ సంగతులు జేన్ ఎక్కడో విని రాసినవి కావు. ఆవిడ అన్నదమ్ముల్లో ఇద్దరు, ఫ్రాన్సిస్, చార్లెస్, నౌకాదళంలోనే పనిచేశారు. 1801లో చార్లెస్ తన వాటా సొమ్ముతో అక్కలిద్దరికీ బంగారు గొలుసులూ పుష్యరాగం పొదిగిన శిలువలూ కొన్నాడు. (తమ్ముడి మొదటి సంపాదనతో వచ్చిన నగ ఎంత అపురూపమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదూ! అవి ఇప్పటికీ చాటన్ గ్రామంలో వాళ్ళ ఇంట్లో భద్రంగా ఉన్నాయి.) ఫ్రాన్సిస్‌దైతే ఇంచుమించు వెంట్‌వర్త్ కథే. పెళ్ళి కుదుర్చుకుని, చేతిలో డబ్బులేక ఆగాడు. 1806 ఫిబ్రవరిలో శాన్ డొమింగో యుద్ధంలో పాల్గొని తిరిగొచ్చి, ఆ జూలైలో పెళ్ళాడాడు. నవల్లో వెంట్‌వర్త్ కూడా అదే యుద్ధం చేసి, అదే వేసవిలో ఆన్ ఊరొస్తాడు. ఒకే యుద్ధం, ఒకే ఏడు. అన్నకి పెళ్ళయింది, కథానాయకుడికి కాలేదు.

ఇంకో పెళ్ళి కూడా ఆ ఇంట్లో కాలేదు. జేన్ అక్క కసాండ్రాకి టామ్ ఫౌల్ అనే మతగురువుతో నిశ్చయమైంది. పెళ్ళికి డబ్బు చాలక, అతను ఒక ప్రభువు వెంట వెస్టిండీస్ వెళ్ళాడు. 1797లో అక్కడే విషజ్వరంతో పోయాడు. వెయ్యి పౌన్లు ఆమె పేర రాసి ఉంచాడు. కసాండ్రా మరి పెళ్ళి చేసుకోలేదు. లేడీ రస్సెల్ భయపడినది ఊరికే కాదని ఆ ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు.

అప్పట్లో కాచుకుని కూర్చోలేని ఆడవాళ్ళు ఏం చేసేవారో దానికీ ఆ కుటుంబంలోనే సాక్ష్యం ఉంది. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా అనాథ. టోపీలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంది. కట్నం లేదు. 1752లో ఓడెక్కి, నెలల తరబడి ప్రయాణం చేసి, మన మద్రాసులో దిగింది. మరుసటి ఏడే కడలూరులో కంపెనీ వైద్యుణ్ణి పెళ్ళాడింది. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఆడపిల్లలు పెళ్ళికొడుకుల కోసం మన తీరానికి వచ్చేవారంటే నవ్వొస్తుంది గానీ, ఆ పిల్ల ఓడ మీద ఏమాలోచించిందో!

సరే, అసలు విషయానికొస్తాను. నవల చివర్లో వెంట్‌వర్త్ ఆన్‌ని ఒక మాట అడుగుతాడు. 1808లో నేను కొంత సొమ్ము చేసుకుని, పెద్ద ఓడకి కెప్టెన్నయ్యాను, అప్పుడు నీకు ఉత్తరం రాసి ఉంటే ఒప్పుకునేదానివా అని. ఒప్పుకునేదాన్నే అని ఆమె తెలియజేస్తుంది. ఇక్కడ పుస్తకం మూసి లెక్క వేశాను. 1806లో విడిపోయారు, 1808కి డబ్బు చేరింది, 1814లో మళ్ళీ కలిశారు. ఎనిమిదేళ్ళలో లేడీ రస్సెల్ పద్దు రెండేళ్ళే! మిగతా ఆరేళ్ళూ అతని అభిమానం పద్దు. తనను కాదన్నదన్న కోపంతో ఒక్క ఉత్తరం రాయలేదు. ఆ మాట అతనే ఒప్పుకుంటాడు, అది అతని మంచితనం.

మరి ఆమె రాయవచ్చు కదా అంటారేమో. రాయకూడదు. నిశ్చితార్థం లేని ఆడపిల్ల పరాయి మగవాడికి ఉత్తరం రాయడం ఆ సమాజంలో పెద్ద తప్పు. అతనెక్కడున్నాడో, ఏ ఓడకి బదిలీ అయ్యాడో, నౌకాదళం జాబితాల్లోనూ పేపర్లలోనూ చూసుకోవడమే ఆమె చేయగలిగింది. కాగితం, సిరా, వేళ్ళు అన్నీ ఉన్నాయి. హక్కు లేదు.

జేన్ ఈ నవలని 1815 ఆగస్టు 8న మొదలుపెట్టింది. వాటర్లూ యుద్ధం ముగిసి రెండు నెలలైనా కాలేదు. 1816 జూలై 18న ముగించింది. కానీ ముగింపు ఆమెకు నచ్చలేదు. మొదటి ప్రతిలో వెంట్‌వర్త్‌ని బావగారు ఒక ప్రశ్న అడిగి రమ్మని పంపుతాడు, ఆన్ రెండు మాటలు అంటుంది, వ్యవహారం తేలిపోతుంది. అప్పటికే ఒంట్లో బాగాలేకపోయినా మూడు వారాల్లోపే చివరి అధ్యాయాలు తిరగరాసింది. మార్చేసిన ఆ పాత కాగితాలు లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆవిడ పూర్తిచేసిన నవలల్లో చేతిరాత మిగిలింది ఇదొక్కటే.

తిరగరాసినదాంట్లో ఏముంది? బాత్ నగరంలో ఒక సత్రం గది. వెంట్‌వర్త్ మూల బల్ల దగ్గర ఏదో ఉత్తరం రాసుకుంటున్నాడు. కిటికీ దగ్గర ఆన్ అతని స్నేహితుడితో వాదిస్తోంది. ఎవరి ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆడవాళ్ళదా మగవాళ్ళదా అని. పుస్తకాలన్నీ ఆడవాళ్ళ మనసు చపలమనే చెప్తున్నాయి కదా అని ఆయనంటే, ఆ పుస్తకాలు రాసింది మగవాళ్ళు, కలం ఇంతకాలం వాళ్ళ చేతిలోనే ఉంది, పుస్తకాల సాక్ష్యం నేను ఒప్పుకోను అని ఆమె జవాబు. ఆ మాటల మధ్యలో మూల నుంచి చిన్న చప్పుడు. వెంట్‌వర్త్ చేతిలో కలం కింద పడింది. తర్వాత అదే కలంతో అతను ఆమెకి ఉత్తరం రాసి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోతాడు. ఆమె రాయలేకపోయిన ఉత్తరాన్ని అతనికి వినబడేలా నోటితో చెప్పింది, అతనిచేత రాయించింది. ఆమెకున్న దారి అదొక్కటే. ఈ చోటు మూడుసార్లు చదివాను. మూడోసారి పాలు పొంగిపోయాయి.

ఒక్క సంగతిలో నాకు ఆన్‌తో పేచీ ఉంది. లేడీ రస్సెల్ సలహా తప్పే అయినా, తల్లిలాంటి ఆవిడ మాట విన్నందుకు తాను చింతించడం లేదంటుంది. నాకది మింగుడుపడలేదు. ఎందుకంటే నేనూ ఒకసారి లేడీ రస్సెల్నయ్యాను. మా చెల్లెలి కూతురు ఒకబ్బాయిని ఇష్టపడితే, ఉద్యోగం పర్మినెంటు కాలేదు, తొందరెందుకే అని గంటసేపు చెప్పాను. నా మాట విన్నది. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు కూడాను. ఆ అనకపోవడమే ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

జేన్ ఈ నవల అచ్చులో చూసుకోలేదు. 1817 జూలై 18న, ముగింపు రాసిన మొదటిసారికి సరిగ్గా ఏడాదికి, వించెస్టర్‌లో కన్నుమూసింది. నలభై ఒక్క ఏళ్ళు. ఆ డిసెంబరులో పుస్తకం వచ్చింది, అట్ట లోపలి పుటలో మాత్రం 1818 అని వేశారు. అంతవరకూ తన నవలల మీద ఆవిడ పేరు లేదు. మొదటిదాని మీద 'ఒక స్త్రీ రాసినది' అని మాత్రమే ఉండేది. ఈసారి అన్న హెన్రీ ముందుమాటలో చెల్లెలి పేరు మొదటిసారి లోకానికి చెప్పాడు.

పుస్తకంలో ఒకచోట, చిన్నతనంలో జాగ్రత్త నేర్పించారు గనుక ఆన్ ప్రేమించడమన్నది పెద్దయ్యాకే నేర్చుకుందని వస్తుంది. కసాండ్రా దగ్గరున్న ప్రతిలో, ఆ వాక్యాల పక్కన మార్జిన్‌లో, ఇవి బంగారు అక్షరాలతో రాయదగినవని ఆమె చెల్లెల్ని తలుచుకుంటూ రాసుకుంది.