కార్బన్ మోనాక్సైడ్ మీటర్: ఎలా వాడాలి, అంకెను ఎలా చదవాలి?

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళకు చెందిన ఎనిమిది మంది పర్యాటకులు రిసార్టు గదిలో చనిపోయారు. వారిలో నలుగురు చిన్నపిల్లలు. చలి తట్టుకోలేక గ్యాస్ హీటర్ వెలిగించి, తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకున్నారు. దేశంలోనూ ఏటా చలికాలంలో ఇలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. ఉత్తరాదిన గదిలో పెట్టుకున్న కుంపటి, కశ్మీర్‌లో బుఖారీ, నగరాల్లో బాత్రూమ్‌లోని గ్యాస్ గీజర్, కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటర్: కారణాలు వేరైనా, చంపే వాయువు చాలావరకు ఒకటే. అది కార్బన్ మోనాక్సైడ్.

దీనికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వంటి తొలి లక్షణాలను అలసట అనో, తిన్నది పడలేదనో అనుకునే ప్రమాదం ఉంది. దీన్ని మనిషి ఇంద్రియాలు పసిగట్టలేవు కాబట్టే చేతిలో ఇమిడే మీటర్లు వచ్చాయి. అయితే మీటరును తప్పుగా వాడితే లేని ధీమా వస్తుంది. అసలు మీటర్ లేకపోవడం కన్నా అది ప్రమాదకరం.

ఏది ఈ మీటర్, ఏది కాదు?

వంటింట్లో పెట్టే ఎల్పీజీ లీక్ డిటెక్టర్ మండని గ్యాస్‌ను పసిగడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టేది. ఒకదాని పని మరొకటి చేయదు. గాలి నాణ్యత చూపే పీఎం 2.5 యంత్రాలు, కార్బన్ డయాక్సైడ్ మీటర్లు కూడా ఇందుకు పనికిరావు. పరికరం మీద కార్బన్ మోనాక్సైడ్ అని, కొలత పీపీఎం అని స్పష్టంగా ఉండాలి. పీపీఎం అంటే గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలు అని.

ఈ మీటర్లలో ఎక్కువగా ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉంటుంది. లోపలికి వెళ్లిన వాయువు ఎలక్ట్రోడ్ వద్ద రసాయన చర్య జరిపి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. వాయువు ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. మీటర్ ఆ ప్రవాహాన్నే అంకెగా చూపుతుంది. వాడినా వాడకపోయినా సెన్సర్‌కు వయసు మీరుతుంది. దాని ఆయుష్షు కొన్నేళ్లే. గడువు దాటిన మీటర్ చక్కగా వెలుగుతుంది, సున్నా కూడా చూపుతుంది. ఆ సున్నాకు అర్థం లేదు.

బయటే ఆన్ చేయాలి

మొదటి నియమం ఇదే. చాలా మీటర్లు ఆన్ చేయగానే చుట్టూ ఉన్న గాలిని శుభ్రమైనదిగా భావించి సున్నాను సరిచేసుకుంటాయి. అప్పటికే 40 పీపీఎం ఉన్న గదిలో ఆన్ చేస్తే ఆ 40ని సున్నాగా లెక్కేస్తాయి. తర్వాత అక్కడ 100 ఉన్నా 60 అనే చూపుతాయి. కాబట్టి రోడ్డుకు, పొయ్యికి, నడుస్తున్న బండికి దూరంగా, ఆరుబయట ఆన్ చేసి, అంకె నిలకడగా ఉందో లేదో చూశాకే లోపలికి తీసుకెళ్లాలి.

తెలిసిన మోతాదు ఉన్న పరీక్ష వాయువును చూపించి మీటర్ స్పందిస్తుందో లేదో చూడటం రెండో జాగ్రత్త. వృత్తిరీత్యా వాడేవారికి ఇది తప్పనిసరి. ఇంట్లో వాడేవారు తయారీదారు చెప్పిన గడువు ప్రకారం కాలిబ్రేషన్ చేయించాలి. పరీక్ష బటన్ నొక్కితే అలారం మోగడం బ్యాటరీ, బజర్ బాగున్నాయనడానికే రుజువు. సెన్సర్ బాగుందనడానికి కాదు.

గదిని కొలిచే పద్ధతి

మీటరును ముఖానికి ముందు, ఊపిరి పీల్చే ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా నడవాలి. సెన్సర్ స్పందించడానికి అర నిమిషం వరకు పట్టొచ్చు. వేగంగా నడిస్తే మనిషి ముందు, అంకె వెనక. గుమ్మం దగ్గర ఆగి చూసి, తర్వాతే అడుగు వేయాలి. ఒంటరిగా వెళ్లకూడదు. ఇంట్లో ఎవరైనా స్పృహ తప్పి ఉంటే మీటర్ పట్టుకుని లోపలికి వెళ్లడం సాహసం కాదు, మరో ప్రాణాన్ని పణంగా పెట్టడం.

గ్యాస్ గీజర్‌ను పరీక్షించేటప్పుడు బాత్రూమ్‌లో ఎవరూ ఉండకూడదు. మీటరును ఆవిరి నేరుగా తగలని చోట స్టూలు మీద పెట్టి, గరిష్ఠ విలువ గుర్తుంచుకునే మోడ్‌లో ఉంచి, వేడినీళ్లు వదిలి తలుపు మూయాలి. కిటికీలు తెరిచిన పక్క గదిలోనో, ఆరుబయటో 10 నిమిషాలు ఆగాలి. ఈలోగా అలారం మోగితే బయటి నుంచే సిలిండర్ కట్టేయాలి. సిలిండర్ కూడా లోపలే ఉంటే ఈ పరీక్ష చేయొద్దు. ఆ అమరికే ప్రమాదం, ముందు దాన్ని మార్పించాలి.

కుంపటి విషయంలో పొగ లేదు కదా అని నమ్మకూడదు. పొగ తగ్గి ఎర్రగా కనిపించే బొగ్గుల నుంచి కూడా ఈ వాయువు పుష్కలంగా వస్తుంది. బండి సైలెన్సర్ గొట్టంలోనో, గీజర్ పొగగొట్టంలోనో మాత్రం మీటరును పెట్టకూడదు. గది గాలి కోసం చేసిన సెన్సర్ ఆ మోతాదుకు దెబ్బతింటుంది.

అంకెల అర్థం

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను పీపీఎంలోకి మారిస్తే 24 గంటల సగటు సుమారు 3.5, 8 గంటలకు సుమారు 9, ఒక గంటకు సుమారు 30, 15 నిమిషాలకు సుమారు 87 దాటకూడదు. అంటే అంకెతో పాటు ఎంతసేపు పీల్చారన్నదీ ముఖ్యమే. ఆచరణలో ఇలా నడుచుకోవచ్చు.

• 9 లోపు: వెంటనే ముప్పు లేదు. అయినా ఇంట్లో రోజంతా సున్నాకు పైన ఉంటే కారణం వెతకాలి.
• 9 నుంచి 35: కిటికీలు తెరిచి, మండుతున్న పరికరాన్ని ఆపాలి. మరమ్మతు చేయించే వరకు వాడకూడదు.
• 35 దాటితే: అందరూ బయటికి రావాలి.
• 100 దాటితే: కిటికీలు తెరవడానికి కూడా లోపల ఆగకూడదు. బయటి నుంచి అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి.

అమెరికా వృత్తి భద్రత సంస్థ నియోష్ 1,200 పీపీఎంను ప్రాణానికి తక్షణ ముప్పుగా లెక్కిస్తుంది.

ఒంట్లో లక్షణాలుంటే అంకె ఎంత చిన్నదైనా లక్షణాలనే నమ్మాలి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి రావడం, బయటికి వస్తే తగ్గడం బలమైన సూచన.

మీటర్ మోసపోయే సందర్భాలు

ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్‌ను చాలా సెన్సర్లు కార్బన్ మోనాక్సైడ్‌గా పొరబడతాయి. శానిటైజర్, స్ప్రేల ఆవిరికీ అంకె పెరగొచ్చు. అయినా ముందు బయటికి వచ్చి, ఆ తర్వాతే కారణం వెతకాలి. గ్యాస్ లీకైన చోట, బొగ్గు గనుల్లో మామూలు మీటర్ వాడకూడదు. పేలుడు వాతావరణానికి ఆమోదం పొందిన పరికరాలే అక్కడ వాడాలి.

వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ మరో ఉచ్చు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూస్తుంది. బాధితుడికి ప్రాణం మీదికి వచ్చినా 98 చూపొచ్చు. ఆసుపత్రిలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడగాలి. ఈ వాయువు మోతాదు రక్తంలో సగానికి తగ్గడానికి మామూలు గాలిలో 4 నుంచి 6 గంటలు పడితే, పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. అందుకే బయటి గాలికి తీసుకొచ్చి ఊరుకోకుండా వెంటనే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

మీటర్ గాలిని శుభ్రం చేయదు, ఆ క్షణాన అక్కడ ఏముందో మాత్రమే చెబుతుంది. మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉండగా కనిపించిన సున్నా, రాత్రి తలుపులు బిగించుకున్న గదికి వర్తించదు. గీజర్‌ను బాత్రూమ్ బయట బిగించడం, జనరేటర్‌ను ఇంటికి దూరంగా నడపడం, పడుకునే ముందు కుంపటిని బయట పెట్టేయడం మొదటి రక్షణ. మీటర్ ఎప్పుడూ రెండోదే.